ఆటలో నీరు, లోకంలో నీరు

వీడియో ఆట అనగానే వట్టి కాలక్షేపమని పెదవి విరిచే ఉపాధ్యాయులు పెక్కుమంది ఉన్నారు. అందుకు కారణం లేకపోలేదు. అయినా స్విట్జర్లాండులోని ఒకోమోటివ్ సంస్థ నిర్మించిన రెండు ఆటలు ఆలోచింపజేసేవిగా ఉన్నవి.

2018లో వెలువడిన ‘ఫార్: లోన్ సెయిల్స్’లో సముద్రం ఎండిపోయింది; ఆ అడుగునే ప్రయాణం సాగుతుంది. 2022 నాటి ‘ఫార్: ఛేంజింగ్ టైడ్స్’లో నీరు ఊళ్ళను ముంచివేసింది, ఒక బాలుడు ఓడపై ఒంటరిగా బయలుదేరుతాడు. గాలి వీస్తే తెరచాప ఎత్తాలి, వీయకుంటే కొలిమికి ఇంధనం అందించాలి. అడ్డంకి ఎదురైన చోట దిగి, యంత్రాల మర్మం కనిపెట్టి దారి చేసుకోవాలి. సంభాషణ లేదు, బుద్ధికే పని.

ఈ నీరు వట్టి కల్పన కాదు. 1901కీ 2018కీ నడుమ ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ప్రభుత్వ సంఘం 2021లో ప్రకటించింది. 2006 నుండి 2018 వరకు పెరుగుదల ఏటా 3.7 మిల్లీమీటర్లు. వేడెక్కిన జలం వ్యాకోచించడం, భూమిపై మంచు కరగడం ఇందుకు ముఖ్య కారణాలు.

అయితే ఆటలో ఒక్క ఓడ గట్టెక్కితే చాలును. లోకంలో అట్లా చాలదు. 1953 ఉప్పెనలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది మరణించారు. పిదప ఆ దేశీయులు ఎవరి పడవ వారు కట్టుకొని ఊరుకోలేదు. ప్రజాధనంతో కట్టలు పెంచారు, 1997లో రాటర్‌డామ్ రక్షణకు మహాద్వారాలు నిలిపారు.

ఆట ముగించిన విద్యార్థిని గురువు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఓడ లేనివారి మాట ఏమిటి?