గది కొలిచే ముందు సామాను కొలవండి



మన పిల్లలు చాలామంది డల్లాస్, హ్యూస్టన్, హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల అద్దె ఇళ్లలో ఉంటున్నారు. ఉద్యోగం మారినా, వీసా పని మీద కొన్నాళ్లు ఇంటికి రావలసి వచ్చినా ఇల్లు ఖాళీ చేసి సామాను ఎక్కడో ఒకచోట పెట్టాలి. అందుకోసం అద్దెకిచ్చే గదిని సెల్ఫ్ స్టోరేజ్ యూనిట్ అంటారు. గది వాళ్లది, తాళం మనది, అద్దె నెలనెలా. అమెరికాలో 1960ల నుంచి పెరుగుతూ వచ్చిన వ్యాపారం ఇది. మన దేశంలోనూ 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఫ్లాట్లు ఖాళీ చేసి సొంత ఊళ్లకు వచ్చేసిన ఉద్యోగులు చాలామంది ఇలాంటి చోట్లే సామాను పెట్టి వచ్చారు. “అయ్యగారూ, ఎంత గది తీసుకోమంటారు?” అని ఈమధ్య నన్ను కూడా అడుగుతున్నారు. పాస్టర్‌ని అడిగే ప్రశ్నేనా ఇది అని మీకు నవ్వు రావచ్చు. కానీ మన డబ్బు ఎటు పోతుందో, మన మనసు దేన్ని పట్టుకుని ఉందో తేల్చే ప్రశ్న ఏదైనా పాస్టర్‌ని అడగదగిన ప్రశ్నే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గది సైజు అన్నిటికంటే చివర తేల్చాలి. అంతకు ముందు మూడు సంగతులు తేలాలి. ఏమి దాస్తున్నాం? ఎప్పటిదాకా? ఎవరి కోసం?

లూకా సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ధనవంతుడి ఉపమానం మనకు తెలిసిందే. భూమి బాగా పండింది. ఉన్న కొట్లు చాలలేదు. వాటిని పడగొట్టి ఇంకా పెద్దవి కట్టాలనుకున్నాడు. అతను ఆలోచించింది సైజు ఒక్కటే. ఎప్పటిదాకా అన్న ప్రశ్నకు జవాబు ఆ రాత్రే వచ్చింది. ఎవరి కోసం అన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబే లేదు.

ఆదికాండము 41వ అధ్యాయంలో యోసేపు కూడా ధాన్యం దాచాడు. అతని లెక్క చూడండి. పంటలో అయిదో వంతు. ఏడు సంవత్సరాలు. తరువాత రాబోయే ఏడేళ్ల కరువులో తినవలసిన జనం కోసం. దాచడం తప్పని బైబిలు చెప్పడం లేదు. లెక్క లేకుండా దాచడమే తెలివితక్కువ పని.

మన పెద్దలకూ ఈ లెక్క తెలుసు. గడ్డి వెంటితో పురి కట్టేవాళ్లు ముందుగా పెద్ద పురి లేపేసి తరువాత ధాన్యం కోసం చూసేవాళ్లు కాదు. వెంటి చుట్టుకుంటూ, ధాన్యం పోసుకుంటూ పైకి తెచ్చేవాళ్లు. ధాన్యం ఎంతో పురి అంత. స్టోరేజీ గది అలా కాదు. అది ముందే కట్టి ఉంటుంది. ఖాళీ కనిపిస్తే నింపాలనిపిస్తుంది. అందుకే కొలత మన చేతిలో ఉండాలి.

ఇక లెక్కలోకి వద్దాం. అమెరికాలో మామూలుగా దొరికే సైజులు 5×5, 5×10, 10×10, 10×20 అడుగులు. ఎత్తు సుమారు 8 అడుగులు ఉంటుంది. 5×5 అంటే పెద్ద బీరువాలాంటిది, అట్టపెట్టెలకు, సూట్‌కేసులకు సరిపోతుంది. 5×10లో ఒక పడకగది ఇంటి సామాను, 10×10లో రెండు పడకగదుల ఇంటి సామాను పడుతుందని చెబుతారు. 10×20 అంటే దాదాపు ఒక కారు షెడ్డు.

ఈ మాట నమ్మి ఊరుకోకండి, టేపు పట్టుకుని కొలవండి. ప్రతి వస్తువుకూ పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించండి. 7 అడుగుల సోఫా 7×3×3, అంటే 63 ఘనపుటడుగులు. క్వీన్ సైజు పరుపు సుమారు 33. మధ్యరకం అట్టపెట్టె ఒక్కోటి 3, కాబట్టి ముప్పై పెట్టెలకు 90. భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు 30 అనుకోండి. విప్పేసిన మంచం 10. మొత్తం 226. 5×10 గది 8 అడుగుల ఎత్తుతో 400 ఘనపుటడుగులు. సందులకూ నడవడానికీ పావు వంతు వదిలేసినా 300 మిగులుతుంది. సోఫాను నిలబెడితే ఈ కుటుంబానికి 5×10 చాలు. రెండు పడకగదుల ఇల్లు కదా అని 10×10 తీసుకుంటే సగం గదిలో గాలికి అద్దె కట్టినట్టే. తలుపు వెడల్పు కూడా కొలవండి. లోపల పట్టే సోఫా గుమ్మంలో ఆగిపోకూడదు.

మరీ చిన్నది తీసుకోవడం కూడా పొదుపు కాదు. కుక్కి కుక్కి పెడితే అద్దాలు పగులుతాయి, ఒక కాగితం కావాలంటే అంతా బయటికి తీయాలి. మూడు నెలలు తలుపు తెరవనక్కరలేదంటే చిన్నదే తీసుకోండి. వారం వారం వెళ్లి పనిముట్లో, వ్యాపారం సరుకో తీసుకోవాలంటే మధ్యలో దారి ఉండేలా ఒక సైజు పెద్దది తీసుకోండి. బరువైనవి కింద, తరచూ కావలసినవి గుమ్మం దగ్గర పెట్టండి. ఫ్రిజ్ తలుపు కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే బూజు పడుతుంది. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, గ్యాస్ సిలిండర్, పెట్రోలు అక్కడ పెట్టకూడదు. సర్టిఫికెట్లు, బంగారం అసలే వద్దు.

ఎప్పటిదాకా అన్నదానికి ఒక తేదీ రాసుకోండి. మొదటి నెల తగ్గింపు ఇచ్చి తరువాత అద్దె పెంచడం ఈ వ్యాపారంలో మామూలే. అద్దె ఆగితే, నోటీసు ఇచ్చి సామాను వేలం వేసుకునే హక్కును అమెరికా రాష్ట్రాల చట్టాలు యజమానికి ఇస్తాయి. కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ భాగం చదవండి. అనుకున్న తేదీ వరకు కట్టే అద్దె మొత్తం వేసి, ఆ సామాను కొత్తగా కొంటే ఎంతవుతుందో పక్కన రాయండి. అద్దే ఎక్కువైతే, ఆ సామాను ఈ రోజే ఎవరికైనా ఇచ్చేయడం మంచిది.

మూడో ప్రశ్న అన్నిటికంటే కష్టం. నాకు తెలిసిన ఒక కుటుంబంలో తల్లి ప్రభువు నందు నిద్రించింది. ఆదరణ కూడిక అయ్యాక పిల్లలు ముగ్గురూ తలో దేశానికి వెళ్లిపోయారు. ఏది ఎవరికో మాట కుదరక అమ్మ సామాను నగరంలో ఒక స్టోరేజీలో పెట్టించారు. ఇత్తడి బిందెలు, ఆమె చీరలు, కుట్టుమిషన్. మూడేళ్లయింది. అద్దె ఠంచనుగా కడుతున్నారు, ఎవరూ వెళ్లి చూడలేదు. ఆ మిషన్ తొక్కి ఆ తల్లి ముగ్గుర్నీ చదివించింది. ఇప్పుడది చీకట్లో తుప్పు పడుతోంది. అదే ఊళ్లో కుట్టుపని నేర్చుకుని, మిషన్ కొనలేక కూలికి పోతున్న ఆడపిల్లలు ఉన్నారు.

ఆ పిల్లల్ని నేను నిందించను. అమ్మ చీర ఎవరికైనా ఇవ్వడమంటే అమ్మను రెండోసారి సాగనంపినట్టు ఉంటుంది. కానీ దుఃఖానికి సరిపోయే సైజు గది ఏ కంపెనీ దగ్గరా లేదు. పంచుకోవలసిన మాటను తాళం వేసి వాయిదా వేస్తే అద్దె పెరుగుతుంది గాని మాట కుదరదు. నన్నడిగితే, అందరూ ఒకచోట ఉన్న ఆ కూడిక రోజుల్లోనే కూర్చోండి. తలో చీర, తలో బిందె తీసుకోండి. పనికొచ్చే వస్తువు పని చేసేవాళ్లకు ఇవ్వండి. అమ్మ మిషన్ మీద ఇంకో ఇల్లు గడవడం కంటే మంచి జ్ఞాపకం ఏముంటుంది?

కాబట్టి, బిడ్డలారా, స్టోరేజీ కంపెనీకి ఫోన్ చేసే ముందు ఒక కాగితం తీసుకోండి. మూడు గడులు గీయండి. వస్తువు, తేదీ, ఎవరి కోసం. మూడు గడులూ నిండిన వస్తువులనే కొలవండి. మూడో గడి ఖాళీగా ఉన్నదాన్ని ఈ వారమే ఎవరి గుమ్మానికి చేర్చాలో ప్రార్థనలో అడగండి. మిగిలినదానికి ఎంత గది కావాలో టేపే చెబుతుంది.

దేవుడు మీ ఇంటిని, మీ ప్రయాణాలను దీవించును గాక. ఆమెన్.