కోడింగు శిక్షణకు మిర్చి డబ్బు: చేతికొచ్చేది ఎవరి సర్టిఫికెట్టు?

గుంటూరు: గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో డిగ్రీ పూర్తిచేసిన యువతీ యువకులను కొన్నేళ్లుగా ఒక కొత్త శిక్షణ ఆకర్షిస్తున్నది. దాని పేరు మెడికల్ కోడింగు. బి.ఎస్‌సి., బి.ఫార్మసీ, నర్సింగు చదివి ఖాళీగా ఉన్నవారికి రెండు మూడు నెలల్లో తర్ఫీదు ఇచ్చి, 'వంద శాతం ఉద్యోగం' చూపిస్తామంటూ ప్రకటనలు వెలువడుతున్నాయి. ఊళ్లో కుదరనివారు హైదరాబాదు అమీర్‌పేట దాకా వెళ్లి, హాస్టలు ఖర్చులు కూడా భరించి నేర్చుకుంటున్నారు.

ఈ ఖర్చుకు డబ్బు వచ్చేది చాలా ఇళ్లలో పంట మీదనే. ఆ పంట పరిస్థితి తెలిసిందే. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటి పలికిన మిర్చి, 2025 ఆరంభంలో దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ధర నిలవని పంటను నమ్ముకునేకంటే నెల జీతం మేలని తల్లిదండ్రులు తలపోయడంలో తప్పులేదు. అయితే ఆ డబ్బుకు చేతికొచ్చే కాగితం ఎవరిది, దాని విలువ ఎంత అన్నది ఫీజు కట్టకముందే తేల్చుకోవలసిన విషయం.

అసలు పని ఏమిటి?

అమెరికాలో వైద్యం ఖర్చును ఎక్కువగా బీమా సంస్థలు భరిస్తాయి. డాక్టరు రాసిన కేసు వివరాలు చదివి, రోగాన్ని, చేసిన చికిత్సను నిర్ణీత సంకేతాలలోకి మార్చి పంపితేనే అక్కడ బిల్లు చెల్లుతుంది. ఆ మార్చే పనే కోడింగు. రోగాలకు 2015 అక్టోబరు 1 నుంచి అక్కడ ఐ.సి.డి.-10 సంకేతాలు అమలులో ఉన్నాయి. అవి సుమారు 70 వేలు. చికిత్సలకు సి.పి.టి. అనే వేరే పట్టిక ఉన్నది. దానిని అమెరికన్ మెడికల్ అసోసియేషను 1966 నుంచి ప్రచురిస్తున్నది.

పని ఎంత నిక్కచ్చిదో మన పొలాల్లోని ఉదాహరణతోనే తెలుసుకోవచ్చు. పత్తి చేలో మందు కొడుతూ విషం సోకిన కూలీ ఆస్పత్రిలో చేరితే, ఆ పురుగుమందు ఆర్గానోఫాస్ఫేటు రకానిదైనప్పుడు సంకేతం టి60.0తో మొదలవుతుంది. ఆ తర్వాతి అంకెల్లో 1 ఉంటే ప్రమాదవశాత్తు, 2 ఉంటే కావాలని తీసుకున్నది, 4 ఉంటే కారణం తేలనిది అని అర్థం. ఒక్క అంకె మారితే కేసు స్వభావమే మారిపోతుంది. డాక్టరు రాయనిదాన్ని కోడరు ఊహించి వేయరాదు. శరీరశాస్త్రం, వైద్య పరిభాష, ఆంగ్లంలో రాసిన కేసు షీటును తడబడకుండా చదవగల శక్తి, ఈ మూడూ లేనివారికి సంకేతాల పుస్తకం చేతికిచ్చినా ప్రయోజనం లేదు. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవారికి రెండు మూడు నెలల కాలం చాలకపోవడానికి కారణం ఇదే.

సర్టిఫికెట్లు రెండు రకాలు

ఈ రంగంలో ఎక్కువమంది కోరేది సి.పి.సి. అనే అర్హత. దానిని ఇచ్చేది అమెరికాలో 1988లో ఏర్పడిన ఎ.ఎ.పి.సి. అనే సంస్థ. పరీక్ష 4 గంటలు, ప్రశ్నలు 100, ఉత్తీర్ణతకు 70 శాతం మార్కులు. సంకేతాల పుస్తకాలు పక్కన పెట్టుకుని రాయవచ్చు. పుస్తకం చూసి రాసే పరీక్ష కనుక తేలికని భావించేవారు పొరబడుతున్నారు. ఒక్కో ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా దొరకవు. ఎక్కడ వెదకాలో ముందే తెలిసినవారే గట్టెక్కుతారు. పైగా రోగాల పట్టిక ఏటా అక్టోబరు 1న, చికిత్సల పట్టిక ఏటా జనవరి 1న మారుతుంది. సీనియర్ల దగ్గర కొన్న పాత పుస్తకాలు ఎక్కువకాలం అక్కరకు రావు.

శిక్షణ కేంద్రం తన ముద్ర వేసి ఇచ్చే కోర్సు సర్టిఫికెట్టు ఈ అర్హత కాదు. కేంద్రం ఇచ్చేది క్లాసులకు హాజరైనందుకు రుజువు. పరీక్ష ఫీజు, సభ్యత్వ రుసుము, పుస్తకాల ఖర్చు శిక్షణ ఫీజులో కలిసి ఉన్నాయో లేదో చాలా ప్రకటనల్లో స్పష్టంగా ఉండదు. 'సర్టిఫికేషనుతో సహా' అన్న మాటలోని సర్టిఫికేషను ఎవరిదో అడిగినవారు తక్కువ.

'ఎ' అక్షరం సంగతి

పరీక్ష నెగ్గినంతనే కథ ముగియదు. అనుభవం లేనివారికి సి.పి.సి. పక్కన 'ఎ' అనే అక్షరం చేరుస్తారు. అప్రెంటిసు అని దాని అర్థం. రెండేళ్ల పని అనుభవం చూపితేగాని, లేదా ఒక ఏడాది అనుభవంతోపాటు 80 గంటల శిక్షణకు రుజువు చూపితేగాని ఆ అక్షరం తొలగదు. అర్హతను నిలబెట్టుకోవడానికి రెండేళ్లకొకసారి 36 పాయింట్ల మేర కొనసాగింపు చదువు చూపాలి. సభ్యత్వం కూడా కొనసాగించాలి. పొలానికి ఏటా పెట్టుబడి పెట్టినట్టే దీనికీ ఏటా ఖర్చు తప్పదు.

మరోవైపు, కొన్ని కంపెనీలు సర్టిఫికెట్టు లేని డిగ్రీవారిని కూడా తీసుకుని తామే పని నేర్పుతున్నాయి. అలాంటి అవకాశం ఉన్నదా అని ముందు విచారించుకుంటే కొందరికి శిక్షణ ఫీజే మిగులుతుంది.

పాత అనుభవం మరువరాదు

2000వ సంవత్సరం ప్రాంతంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షను పేరిట ఇదే తీరున శిక్షణ కేంద్రాలు వెలిశాయి. డాక్టరు మాటలు విని టైపు చేసే ఆ పనిని తర్వాత చాలావరకు కంప్యూటరే చేయడం నేర్చింది. కేంద్రాలు అనేకం మూతపడ్డాయి. ఇప్పుడు కోడింగులోనూ ఎక్స్‌రే, స్కానింగు వంటి తేలిక కేసులకు యంత్రమే సంకేతాలు వేస్తున్నది. కొత్తవారు సాధారణంగా పని నేర్చుకునేది ఆ తేలిక కేసుల మీదే. ఆపరేషన్లు, దీర్ఘరోగాలు వంటి చిక్కు కేసుల్లోనూ, యంత్రం వేసినదాన్ని సరిచూడడంలోనూ మనిషి అవసరం ఇంకా ఉన్నది. కాబట్టి పైపైన నేర్చినవారికి చోటు తగ్గుతుంది. గట్టిగా నేర్చినవారికి ఉంటుంది.

ఇక్కడి ఆస్పత్రుల మాటేమిటి?

ఈ విద్య అమెరికా బిల్లులకే పరిమితం కానక్కరలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్, రెండూ నడిచేది సంకేతాలున్న చికిత్సల పట్టికల మీదనే. కేసు వివరాలు సరిగా లేకపోతే ఆస్పత్రికి డబ్బు ఆగిపోతుంది. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రులకు వచ్చే పురుగుమందు కేసుల్లో ప్రమాదాలెన్ని, తక్కినవెన్ని అని సంకేతాల ప్రకారం నమోదైతే, ఏ మందు ఏ పంట మీద మనుషుల్ని పడగొడుతున్నదో వ్యవసాయశాఖకు కూడా తెలిసివస్తుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం క్లినికల్ కోడరును వృత్తుల జాబితాలో చేర్చింది. కాగితం మీద గుర్తింపు వచ్చిన ఈ వృత్తికి జిల్లా ఆస్పత్రులలో పోస్టులు, వైద్య కళాశాలలలో సక్రమమైన కోర్సులు ఏర్పడితే, పల్లె పిల్లలు అమీర్‌పేట హాస్టళ్లలో అప్పులపాలు కావలసిన అవసరం తగ్గుతుంది.

అంతవరకు జాగ్రత్త కుటుంబాలదే. డబ్బు కట్టేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. పరీక్ష ఫీజు ఇందులో ఉన్నదా, నిరుడు ఎంతమంది సి.పి.సి. పరీక్ష రాసి ఎంతమంది నెగ్గారు, ఉద్యోగం రాకపోతే డబ్బు తిరిగి ఇస్తారా. కోచింగు కేంద్రాలు ఉద్యోగం ఖాయమంటూ తప్పుడు ప్రకటనలు ఇవ్వరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు జారీచేసింది. మోసపోయినవారు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. రశీదు, ప్రకటన కాగితం దాచి ఉంచినవారి ఫిర్యాదుకే బలం.

విత్తనం కొనేటప్పుడు సంచి మీద లాటు నంబరు చూసి, బిల్లు అడిగి పుచ్చుకునే రైతు, బిడ్డ చదువు కొనేటప్పుడు కూడా అదే పట్టుదల చూపవలసి ఉన్నది.