కంప్యూటర్ కడుపులో ఏముంది? హిసాబ్ చెప్పండి

మా మొహల్లా లైబ్రరీలో కుర్చీలకు రిజిస్టరు ఉంది. ఫ్యాన్లు ఎన్ని, బీరువాలు ఎన్ని, ఏ దాత ఏ సంవత్సరం ఏ కితాబు ఇచ్చాడు, అన్నీ రాసి ఉన్నాయి. చివరికి చాయ్ గ్లాసులకూ లెక్క ఉంది. కానీ చందా పైసలతో కొన్న కంప్యూటర్ల గురించి ఆ రిజిస్టరులో ఉన్నది ఒక్క ముక్క: "కంప్యూటర్లు 4". వాటి లోపల ఏముందో కూడా రాయాలి కదా అని మీటింగులో అడిగితే సెక్రటరీ చాచా నవ్వారు. "లోపలిది ఎవరికి కనపడుతుంది మియా? నడుస్తున్నాయిగా, చాలు" అన్నారు.

ఆ "చాలు" మీదే నా తకరారు.

లోపలిది కనపడదనడం తప్పు. నాలుగింటిలో రెండింటికి కాలేజీ పిల్లలు ఉబుంటు వేసిపెట్టారు. అక్కడ టెర్మినల్ తెరిచి "డీపీకేజీ -ఎల్" అని కొట్టండి (కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే, ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను). ఒక్క క్షణంలో పదిహేను వందలు దాటి వరసలు వచ్చి పడతాయి. ప్రతి వరసలో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, అదేం పని చేస్తుందో ఒక్క ముక్క. మిషన్ తన జమాఖర్చు తనే అప్పజెబుతుంది, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఈ పద్ధతి 1993లో మొదలైన డెబియన్ నుంచి ఉబుంటుకు వారసత్వంగా వచ్చింది. లెక్కంతా ఉండేది మామూలు అక్షరాల దస్త్రంలో. తాళం లేదు, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ఇంకా బారీకుగా కావాలంటే "ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్". ఇందులో కొన్ని పేర్ల పక్కన "ఆటోమేటిక్" అని ఉంటుంది. అంటే మనం పిలవలేదు, మనం పిలిచిన ఇంకొకరి వెంట వచ్చారు. దావత్‌కు ఒకరిని పిలిస్తే కుటుంబమంతా రావడం మనకు కొత్తా? కొన్నింటి పక్కన "లోకల్" అని ఉంటుంది. అధికారిక ఖజానాలో దాని ఆచూకీ లేదు, ఎవరో బయటినుంచి తెచ్చి పెట్టారని అర్థం. తనిఖీ చేసేవాడు మొదట చూడాల్సింది ఆ వరసలనే. మా దగ్గర అలాంటిది ఒక్కటి తేలింది, ప్రింటర్ డ్రైవర్. ఎవరు వేశారో ఆ పిల్లవాడే వచ్చి ఒప్పుకున్నాడు, మామలా ఖతం.

ఇక మిగతా రెండు కంప్యూటర్లు. వాటిలో విండోస్. అమ్మిన దుకాణదారు "జెన్యూన్ అయితే పైసలు ఎక్కువ, ఇది ఫ్రీ" అని వేసిచ్చాడు. బిల్లులో దాని పేరు లేదు, ఎందుకు ఉంటుంది? చోరీ మాల్‌కు రసీదు ఎవరిస్తారు?

దీని మీద నేను నోరు తెరిస్తే మనవాళ్ల దగ్గర ఒక తయారు జవాబు ఉంటుంది. "అమీర్ కంపెనీ, వాళ్లకేం నుక్సాన్?" అమీర్ ఇంట్లో చేసిన చోరీ హలాల్ ఎప్పుడైంది? బకాలాలో అర్ధ రూపాయి చాక్లెట్ జేబులో వేసుకున్న పిల్లవాడికి చెంపదెబ్బ కొట్టే మనమే, వేల రూపాయల సాఫ్ట్‌వేర్‌ను బిస్మిల్లా అని ఆన్ చేస్తున్నాం. అదీ అమానత్ సొమ్ముతో కొన్న మిషన్ మీద.

సరే, దీన్ సంగతి పక్కన పెట్టండి, దునియా సంగతే మాట్లాడదాం. ఆ దొంగ కాపీని నడిపించే క్రాక్ ఫైలు మొదట అడిగేదేమిటి? "యాంటీవైరస్ ఆపేయండి." ఇంట్లో దూరేవాడు చౌకీదారును పంపించేయమంటున్నాడు, మనం పంపించేస్తున్నాం. అదే కంప్యూటర్ ముందు కూర్చుని మన ఆడపిల్లలు స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతారు. ఆధార్ నంబరు, తండ్రి బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, అన్నీ కొడతారు. విండోస్‌లోనూ ఇప్పుడు "వింగెట్ లిస్ట్" అనే కమాండ్ ఉంది, ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. కానీ జాబితాలో పేరు రాయించుకుని వచ్చినవాటినే అది చూపగలదు. క్రాక్ వెంట వచ్చినవాడు హాజరుపట్టీలో సంతకం పెడతాడా?

"ఈ నల్ల తెర, కమాండులు మనకెందుకు, అవి ఇంజినీర్ల పని" అనే సాహెబులకు ఒక మాట. జాబితా, తనిఖీ, రసీదు, జమాబందీ, ఇవన్నీ ఉర్దూ ఫార్సీల దారిన తెలుగు దఫ్తర్లలోకి వచ్చిన మాటలే. మన తాతలు వాటితో నడిపిన కచ్చేరీ లెక్కలు ఈ కమాండు కంటే కష్టం. మూడు మాటలు కొట్టలేమా?

ఇప్పుడు నా సొంత జమాత్ మీదకు వస్తాను. లేకపోతే ఇన్సాఫ్ కాదు.

ఉబుంటు కూడా లెక్క చెడగొడుతోంది. 2022లో వచ్చిన 22.04 నుంచి అక్కడ ఆప్ట్‌తో ఫైర్‌ఫాక్స్ వేస్తే వచ్చేది ఖాళీ డబ్బా. అది వెళ్లి స్నాప్ అనే వేరే గోదాము నుంచి అసలు సరుకు తెస్తుంది. ఆప్ట్ జాబితాలో పేరు ఉంటుంది, మాల్ ఉండదు. అసలు లెక్క కావాలంటే "స్నాప్ లిస్ట్" అని విడిగా అడగాలి. ఫ్లాట్‌పాక్ ఉంటే దాని జాబితా ఇంకోటి, పైథాన్‌వాళ్ల పిప్ జాబితా మరోటి. ఒకే దుకాణానికి నాలుగు ఖాతా పుస్తకాలు! స్నాప్ తరఫువాళ్లు చెప్పేది నాకు తెలుసు. కొత్త వెర్షన్ త్వరగా వస్తుంది, ప్రతి ప్రోగ్రామూ తన హద్దులో ఉంటుంది అంటారు. ఆ ఫాయిదాలను నేను కాదనను. కానీ ఒక దర్వాజా మీద బోర్డు పెట్టి సరుకు ఇంకో దర్వాజాలోంచి తేవడం ఏం రివాజు? లినక్స్ మింట్ వాళ్లు ఇదే తకరారుతో 2020లో తమ 20వ వెర్షన్‌లో, మాలిక్ స్వయంగా అనుమతించనిదే స్నాప్ లోపలికి రాకుండా అడ్డుకట్ట వేశారు. షాబాష్ అన్నాను.

ఇన్ని పుస్తకాలున్నా, అడిగితే జవాబు మాత్రం వస్తుంది. తేడా అక్కడే.

పోయిన వారం ఆ రెండు ఉబుంటు కంప్యూటర్ల ఫిరిస్తు తీశాను. "ఆప్ట్-మార్క్ షోమాన్యువల్" అంటే వెంట వచ్చినవాటిని వదిలేసి, కోరి పెట్టినవాటినే చూపిస్తుంది. అది నాలుగు పేజీలు, స్నాప్‌ది అర పేజీ. లాహోర్‌లో తయారైన నఫీస్ ఉర్దూ ఫాంట్లు, మన లోహిత్ తెలుగు ఫాంటు కొన్ని వరసల ఎడంలో కనపడితే మనసు ఖుష్ అయింది. డీపీకేజీ జాబితాలో ముందు "ఆర్‌సీ" అని ఉన్న వరసలు కూడా విడిగా ప్రింటు తీసి, అన్నీ రిజిస్టరులో అంటించి చాచా ముందు పెట్టాను.

చాచా ఐనక్ పెట్టుకుని వేలితో ఒక్కో వరసా చూశారు. "ఈ ఆర్‌సీ ఎవరు?"

"తీసేసిన సాఫ్ట్‌వేర్ చాచా. మకాం ఖాళీ చేసింది గానీ దాని సెట్టింగుల ఫైళ్లు ఇక్కడే వదిలేసింది."

"కిరాయి లేకుండా సామాను ఎందుకు? బయట పెట్టు."

"ఆప్ట్ పర్జ్" కొట్టి పెట్టాను. దొంగ విండోస్ ఉన్న రెండు కంప్యూటర్లకు కేటాయించిన పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే మీటింగు జుమా నమాజు తర్వాత. ఆ పేజీ తెరిచి పట్టుకుని వెళ్తాను.