కరెంటు పోయిన రాత్రి

అన్నం తినే వేళ కరెంటు పోతే మన నోట ముందుగా వచ్చేది లైన్‌మన్ మీద తిట్టు. 2020 ఆగస్టు 20 రాత్రి మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి, పనిలో ఉన్న తొమ్మిది మంది చనిపోయారు. ఆ తొమ్మిది ఇండ్లలో కమ్ముకున్న చీకటి స్విచ్ వేస్తే పోయేది కాదు. మన ఇంటి బల్బు వెనుక అలాంటి ప్రాణాలున్నాయి. వానలో స్తంభం ఎక్కేవాని కోసం కూడా ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు. కాబట్టి ఫిర్యాదు చేద్దాం గాని శపించవద్దు. ఈసారి కరెంటు పోతే ఫోన్లు పక్కన పెట్టి, పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, కుటుంబ ప్రార్థనలో అతణ్ణి జ్ఞాపకం చేసుకుందాం. అతని పేరు మనకు తెలియదు, ప్రభువుకు తెలుసు.