పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం

డేటాబేసులో వాడుకరి స్వయంగా రాసుకున్న ఫంక్షనును ఎలా నడపాలి? ఒక్కో ఆదేశాన్నీ చదువుకుంటూ ఇంటర్‌ప్రెటరుతో నడపాలా, లేక అప్పటికప్పుడు యంత్రభాషలోకి కంపైలు చెయ్యాలా? వేగాన్ని ప్రేమించే మిత్రులు రెండోదానికే ఓటు వేస్తారు. నేను వేసినా షరతులతోనే వేస్తాను.

కంపైలు చెయ్యడానికీ కాలం పడుతుందన్నది మనం తరచు మరిచే సంగతి. కోటి వరుసల మీద నడిచే ఫంక్షనుకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు. పది వరుసలకైతే అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పోస్ట్‌గ్రెస్ 11వ వెర్షను (2018) ఎల్‌ఎల్‌వీఎం సాయంతో ఈ విద్య నేర్చింది. 12వ వెర్షను (2019) దాన్ని అడగకుండానే అమలులో పెట్టింది. క్వెరీ ఖర్చు అంచనా 1,00,000 దాటితే కంపైలు మొదలు. అంచనా తప్పిందా, చిన్న క్వెరీ పెద్ద సుంకం చెల్లిస్తుంది. పైగా అక్కడ కంపైలయ్యేది క్వెరీలోని ఎక్స్‌ప్రెషన్లు, వరుసలను విప్పే పని మాత్రమే. పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌లో మనం రాసిన ఫంక్షను ఇంటర్‌ప్రెటరు చేతిలోనే మిగులుతుంది.

సీ భాషలోకి మార్చి సర్వరులోని కంపైలరుకు అప్పగించడం మరో దారి. ఒరాకిల్ 9ఐ ఆ బాట పట్టింది. కానీ అసలు పని జరిగే సర్వరులో సీ కంపైలరు ఉండడం భద్రత చూసేవారికి కంటగింపు. 11జీ (2007) నాటికి ఒరాకిల్ తానే నేరుగా యంత్రభాషను తయారుచేసుకుంది.

నాకు నచ్చినది అసలు కంపైలు చెయ్యకుండానే గెలవడం. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 అర్హత గల స్కేలార్ ఫంక్షన్లను విప్పి, క్వెరీలోనే కలిపేస్తుంది. ఫంక్షను మూసిన పెట్టెగా ఉన్నంతకాలం ఆప్టిమైజరు దాని లోపలికి చూడలేదు. ఎంత చక్కటి యంత్రభాషైనా చెడ్డ ప్రణాళికను కాపాడలేదు.

కలపడానికి వీలుకానివాటికి మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు హైపర్ బృందం 2018లో చూపిన మార్గం ఉంది. క్వెరీని ముందు బైట్‌కోడుతో వెంటనే మొదలుపెట్టాలి. మిగిలిన పని ఎక్కువని తేలాకే కంపైలు చేసి, నడుస్తుండగానే దానికి మారాలి. ఇది ముందస్తు అంచనాను కాక అనుభవాన్ని నమ్మే పద్ధతి. రెండు దారులూ ఒకే జవాబు ఇవ్వాలి గనుక పరీక్షల బరువు పెరుగుతుంది. ఆ బరువు తయారీదారు మొయ్యవలసిందే. వాడుకరి మీదకు నెట్టడం న్యాయం కాదు.

కనుక నా వరుస ఇది: మొదట కలపడం, తరువాత బైట్‌కోడు, చివరికి కంపైలు. పోటీ పట్టికల్లో మెరిసేది సగటు వేగం. రైలు టిక్కెట్టు కోసం వరుసలో నిలబడినవాడికి తెలిసేది తన ఒక్క క్వెరీ ఆలస్యమే. మీరేమంటారు?