అంచు మింగిన కమ్మలు
నాయనమ్మ సంవత్సరీకానికని నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఓ స్టూడియోలో ఆమె ఫొటోకు అంచు వేయించాను. కుర్రాడు చకచకా బంగారు తీగలు, గులాబీలు, రెండు నెమళ్లు, మూలకో దీపం దించేశాడు. తీరా చూస్తే నాయనమ్మ చెవికమ్మలు మాయం! కరువులో కూడా తాకట్టుకు పోనివ్వని కమ్మలవి. తప్పు ఫొటోషాప్‌ది కాదు. అందులో 'కాన్వాస్ సైజ్' పెంచితే అంచు బొమ్మ బయట పెరుగుతుంది. రెడీమేడ్ ఫ్రేమును మీద పరిస్తే మాత్రం బొమ్మనే తింటుంది. 300 డీపీఐలో 4 బై 6 అంగుళాల ఫొటో అంటే 1200 బై 1800 పిక్సెళ్లు; చుట్టూ 60 పిక్సెళ్లు బయటికి పెంచితే అంగుళంలో ఐదోవంతు తెల్లంచు వస్తుంది. అంతకన్నా ఎందుకు? అంచు మర్యాద తెలియాలంటే మన నేతగాళ్లను చూడాలి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టంచును మగ్గం మీదే పోగుపోగునా కలుపుతారు, ఒంటిని కప్పెయ్యరు. పోచంపల్లిలోనైతే నేతకు ముందే పోగులను కట్టి రంగుల్లో ముంచుతారు. రంగు ఎక్కడ ఆగాలో మగ్గమెక్కకముందే తేలిపోతుంది. మనమేమో మనిషిని తెచ్చి, ఉన్న ఫ్రేములో కుక్కుతున్నాం. పెళ్లి ఆల్బముల సంగతి ఎత్తనే వద్దు, అక్కడ పెళ్లికూతురికన్నా హంసలే పెద్దవి. ఈసారి స్టూడియోకు వెళ్తే అసలు ఫైలు విడిగా దాచమని చెప్పి, ఇంకొక్క మాట అనండి: "తమ్మీ, అంచు బయటికి పెంచు."