గెలిచినా వదలని బరి

పల్నాటి యుద్ధం కథలో కోడిపందెం వింటూ పెరిగిన పిల్లలకు, మాచవరంలోనైనా మాచర్లలోనైనా, బరి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ రాసిన ‘ద హంగర్ గేమ్స్’లో ఆ బరిలోకి దించేది పిల్లల్నే. 12 నుంచి 18 ఏళ్ల వాళ్లు ఒక్కరు మిగిలేదాకా చంపుకోవాలి. దొరలకది వినోదం.

2009లో వచ్చిన రెండో నవల ‘క్యాచింగ్ ఫైర్’ ఆట గెలిచాక మొదలవుతుంది. కాట్నిస్‌కు కొత్త ఇల్లు, కడుపునిండా తిండి. దేశాధ్యక్షుడు స్నో మాత్రం ఇంటికొచ్చి మరీ బెదిరిస్తాడు. విజయయాత్రలో ఆమె పంటలు పండించే 11వ జిల్లాకు వెళ్తుంది. బరిలో చనిపోయిన చిన్నారి రూ ఊళ్లవాళ్లకు కృతజ్ఞత చెబుతుంది. జనంలోంచి ఒక ముసలాయన రూ పాట ఈల వేస్తాడు. ఆయన్ని అక్కడే కాల్చేస్తారు.

రాజధాని విందు ఇంకా ఘోరం. తిన్నది కక్కేసి మళ్లీ తినడానికి అతిథులకు ఓ పానీయం పెడతారు! ఆకలితో తన తల్లి దగ్గరికి వచ్చే పిల్లలు కాట్నిస్‌కు గుర్తొస్తారు. మిర్చి, పత్తి పండించే ఇళ్లలో ఈ పేజీని తొందరగా తిప్పలేరు.

ఆపైన 75వ ఆటలకు పాత విజేతలనే మళ్లీ దించుతారు. మొదటి సగం కాస్త నెమ్మది, ఇద్దరబ్బాయిల మధ్య ఊగిసలాట కొంత సాగదీత. కథ సగంలో తెగినట్టు ఆగిపోతుంది కాబట్టి మూడోది ‘మాకింగ్‌జే’ను కూడా దగ్గర పెట్టుకోవడం మేలు.